మూడేళ్ల సగటు చూసి కోల్డ్ స్టోరేజీ కట్టొచ్చా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా అంకెల గురించే ఉన్నాయి. ప్రాజెక్ట్ రిపోర్టులో రాసిన ధర నమ్మొచ్చా, వర్షాల అంచనా చూసి సరుకు తెప్పించొచ్చా, తలసరి ఆదాయం పట్టుకుని కొట్టు పెట్టొచ్చా అని. బ్యాంకులో లోన్ల అప్రైజల్ సీట్లో కూర్చున్నన్నాళ్లూ నా బల్ల మీదకు వచ్చినవి ఇవే ప్రశ్నలు. అందుకే మిగతా ఉత్తరాలు వచ్చే నెలకు ఉంచి వీటికే జవాబు రాస్తున్నాను. మొదటి ఉత్తరానికి చోటు ఎక్కువ ఇచ్చాను. అందులో పెట్టుబడీ ఎక్కువే, అప్పూ ఎక్కువే.

ప్రశ్న: మేడమ్ గారూ, మాది నరసరావుపేట దగ్గర పల్లె. నేనూ మా బావమరిదీ కలిసి మిర్చి కోల్డ్ స్టోరేజీ కట్టాలనుకుంటున్నాం. స్థలం సొంతం. కన్సల్టెంట్ ఇచ్చిన ప్రాజెక్ట్ రిపోర్టులో మూడేళ్ల మిర్చి సగటు ధర, జిల్లాలో సాగు విస్తీర్ణం, దిగుబడి అన్నీ ఉన్నాయి. మొదటి ఏడాది 60 శాతం, రెండో ఏడాది 70, మూడో ఏడాది నుంచి 80 శాతం నిండుతుందని వేశారు. ధర ఏటా పెరుగుతుంది కాబట్టి అద్దె కూడా పెరుగుతుందట. లెక్కలన్నీ ప్రభుత్వ వెబ్‌సైట్ల నుంచే తీసుకున్నామంటున్నారు. మా మామగారు మాత్రం "ఆ కాగితం చూసి దిగొద్దు అల్లుడూ" అంటున్నారు. ఎవరి మాట వినాలి?
— ఒక పాఠకుడు, పల్నాడు జిల్లా

జవాబు: మీ మామగారి మాట తీసిపారేయకండి. అలాగని రిపోర్టును పక్కన పడేయాల్సిన పనీ లేదు. దాన్ని ముందేసుకుని ఒక్కో అంకె దగ్గరా ఆగి, ఇది ఎక్కడ పుట్టింది, ఎందుకు పుట్టింది అని అడగండి.

ధరతో మొదలుపెడదాం. మీ రిపోర్టులో ధరలు అగ్‌మార్క్‌నెట్ అనే కేంద్ర ప్రభుత్వ మార్కెట్ ధరల వెబ్‌సైట్ నుంచి తీసుకుని ఉంటారు. అది 2000 నుంచి ఉంది. మార్కెట్ యార్డుల నుంచి రోజూ కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, మోడల్ ధర అందులోకి ఎక్కుతాయి. మోడల్ ధర అంటే ఆ రోజు ఎక్కువ సరుకు ఏ రేటుకు పోయిందో ఆ రేటు. ఇవాళ యార్డులో పరిస్థితి ఏమిటో తెలుసుకోవడానికి అది చక్కగా పనికొస్తుంది. కానీ గుంటూరు యార్డులో మిర్చి అంటే ఒక సరుకు కాదని మీకు నేను చెప్పక్కర్లేదు. తేజ, 334, 341, నంబర్ 5, బాడిగ, దేని రేటు దానిదే. ఏసీ సరుకు, అంటే కోల్డ్ స్టోరేజీలో పెట్టింది వేరు, నాన్ ఏసీ వేరు, రంగు పోయిన తాలు కాయ ఇంకా వేరు. రిపోర్టులో "మిర్చి ధర" అని ఒకే గడి ఉంటే, ఆ గడిలో ఏవేవి కలిశాయో కన్సల్టెంట్‌ను అడగండి. జవాబు చెప్పలేకపోతే ఆ గడిని కొట్టేయండి.

తర్వాత, ఆ సగటు ఎలా కట్టారో చూడండి. రోజువారీ రేట్లన్నీ కూడి రోజుల సంఖ్యతో భాగించారా? అలా అయితే మార్చిలో యార్డు నిండా టిక్కీలు (మిర్చి బస్తాలు) వచ్చిన రోజుకూ, ఆగస్టులో పలచగా వచ్చిన రోజుకూ ఒకే విలువ ఇచ్చినట్టు. లెక్క కోసం అనుకుందాం: ఒక రోజు లక్ష టిక్కీలు 12,000 రేటుకు, ఇంకో రోజు పది వేల టిక్కీలు 16,000 రేటుకు అమ్ముడయ్యాయి. మామూలు సగటు 14,000. వచ్చిన సరుకును బట్టి కడితే 12,400 కూడా రాదు. క్వింటాకు 1,600 పైన తేడా. రైతుకు అందిన ధర రెండోదే. రిపోర్టుల్లో కనిపించేది ఎక్కువగా మొదటిది, ఎందుకంటే అది కట్టడం సులువు.

ఇక మూడేళ్ల సగటు అన్నారు. ఏ మూడేళ్లు? 2017 వేసవిలో మిర్చి ధర ఎంతగా పడిందంటే, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 5,000 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. ఖమ్మం యార్డులో రైతుల కడుపుమంట రోడ్డు మీదకు వచ్చింది ఆ ఏప్రిల్‌లోనే. 2021-22లో నల్ల తామర పురుగు పడి రెండు రాష్ట్రాల్లోనూ తోటలకు తోటలే పోయాయి. పంట తగ్గింది, రేటు లేచింది. 2023లో తేజ 20,000 దాటింది. ఆ రేటు చూసి మిర్చి వేసినవాళ్లు వేశారు, వేయనివాళ్లూ వేశారు. 2025 ఫిబ్రవరి వచ్చేసరికి కేంద్రం మళ్లీ దిగి, 2.91 లక్షల టన్నుల వరకు క్వింటాకు 11,781 రూపాయల జోక్యం ధర ప్రకటించింది. ఈ వరుసలో మధ్యలోంచి ఏ మూడేళ్లు కత్తిరించి తీసుకుంటే ఆ కథ వస్తుంది. 2021 నుంచి 2023 దాకా తీసుకుంటే గీత పైకి పోతుంది. 2023 నుంచి 2025 దాకా తీసుకుంటే కిందికి దిగుతుంది. రెండూ ప్రభుత్వ లెక్కలే, రెండిటిలోనూ ఒక్క అంకె తప్పు ఉండదు.

మిర్చి ధర అంచనాలతో అసలు చిక్కు ఇంకొకటి ఉంది. వచ్చే ఏడాది రేటు బాగుంటుందని నలుగురు నమ్మితే ఆ నలుగురూ ఎకరాలు పెంచుతారు. ఆ పెంచిన ఎకరాలే రేటును పడగొడతాయి. వర్షం అలా కాదు. మనం నమ్మినా నమ్మకపోయినా దాని దారిన అది వస్తుంది. పంట ధర మాత్రం మన నమ్మకం వల్లే మారిపోతుంది. అందుకే "ధర ఏటా పెరుగుతుంది" అన్న వాక్యాన్ని నేను ఏ రిపోర్టులోనూ ఒప్పుకోలేదు.

ఇక్కడే మీ రిపోర్టులో పెద్ద లోపం కనిపిస్తోంది. మీరు చేయబోయేది మిర్చి వ్యాపారం కాదు, చోటు అద్దెకివ్వడం. ధర పెరిగితే మీకు మంచిదని రిపోర్టు అనుకుంటోంది. ఆలోచించండి. కోతల సమయంలోనే రేటు బాగుంటే రైతు సరుకును యార్డులోనే అమ్మి డబ్బు తీసుకుని ఇంటికెళ్తాడు. రేటు పడితే, పెరక్కపోతుందా అని ఏసీల్లో పెడతాడు. 2025లో ఏసీలు నిండింది అందుకే. తామర పురుగు ఏడాదిలాగా పంటే తగ్గిపోతే పెట్టడానికి సరుకే ఉండదు. అంటే మీకు కావాల్సిన లెక్క ధరది కాదు. ఏ సీజన్‌లో ఎన్ని టిక్కీలు లోపలికి వచ్చాయి, ఎన్ని నెలలు ఉన్నాయి, ఎప్పుడు బయటికి వెళ్లాయి, ఈ మూడూ కావాలి. ఆ లెక్క ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకదు. అందుకే కన్సల్టెంట్ దొరికే లెక్క పెట్టి ఊరుకున్నారు.

జిల్లా సాగు విస్తీర్ణం పట్టిక కూడా ఒకసారి తీయండి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత గుంటూరు జిల్లా గుంటూరు, పల్నాడు, బాపట్లగా విడిపోయింది. బాపట్లలోకి పాత ప్రకాశం నుంచి చీరాల, పర్చూరు, అద్దంకి వైపు మండలాలు వచ్చి కలిశాయి. కాబట్టి 2021 వరుసలో ఉన్న "గుంటూరు", 2023 వరుసలో ఉన్న "గుంటూరు" ఒకటి కాదు. ఈ రెండు వరుసలూ పక్కపక్కన పెట్టి "సాగు తగ్గిపోతోంది" అని తేల్చేసిన కాగితాలు ఉన్నాయి. పాత ఉమ్మడి జిల్లా మొత్తాన్ని పల్నాడు ఒక్కదానికే చూపించి లాభం లెక్కగట్టినవీ ఉన్నాయి. మండలాల వారీగా తీసుకుంటే ఈ బాధ ఉండదు. మీ గోదాముకు ట్రాక్టర్ మీద సరుకు రాగల మండలాలు ఏవో మీకే బాగా తెలుసు. వాటి పేర్లు రాసుకుని, ఆ మండలాల ఈ-క్రాప్ లెక్కలు, అంటే ఏ పొలంలో ఏ పంట వేశారో ప్రభుత్వం నమోదు చేసే లెక్కలు, వ్యవసాయ, ఉద్యాన శాఖల ఆఫీసుల్లో అడగండి.

60, 70, 80 శాతాల సంగతి. ఈ మూడు అంకెలు మీ ఊరివి కావు. రైస్ మిల్లుకైనా, జిన్నింగ్ మిల్లుకైనా, ఇటుకల ఫ్యాక్టరీకైనా రిపోర్టుల్లో ఇవే వస్తాయి. డీఎస్‌సీఆర్ అని బ్యాంకు చూసే నిష్పత్తి ఒకటి ఉంది. అప్పు కట్టడానికి ఏడాదిలో మిగిలే డబ్బు, కట్టాల్సిన అసలు వడ్డీలకు ఎన్ని రెట్లు ఉందో అది చెబుతుంది. ఒకటికి తగ్గితే కిస్తీ కట్టలేరు. ఒకటిన్నర చుట్టుపక్కల ఉంటే బ్యాంకువాళ్లకు ధైర్యం. చాలా రిపోర్టుల్లో ఆ ఒకటిన్నర ముందు పుడుతుంది, దానికి సరిపడా నిండుదల శాతం తర్వాత పుడుతుంది. రిపోర్టు రాసినవారి ఫీజు లోన్ శాంక్షన్ అవడంతో ముడిపడి ఉందా అని మొహమాటం లేకుండా అడగండి. శాంక్షన్ అయ్యాక గోదాము ఖాళీగా ఉంటే కిస్తీ కట్టేది మీరూ మీ బావమరిదీ. అంకె తప్పితే నష్టపోని మనిషి ఇచ్చిన అంకెను, నష్టపోయే మనిషి మళ్లీ తూచుకోవాలి.

ఎక్కడ తూచుకోవాలి? చుట్టుపక్కల ఉన్న ఏసీల యజమానులను అడిగితే సరిగ్గా చెప్పరు. పోటీకి వస్తున్నవాడికి ఎవరు చెబుతారు? ముఠా మేస్త్రిని, అంటే బస్తాలు మోసే కూలీల పెద్దను అడగండి. ముఠా కూలి టిక్కీ లెక్కన ఉంటుంది కాబట్టి ఏ సీజన్‌లో ఎన్ని దించారో, ఎన్ని ఎక్కించారో ఆయనకు కూలి లెక్కల్లోనే ఉంటుంది. ఒక్కరితో ఆగకుండా నాలుగు గోదాముల మేస్త్రీలతో మాట్లాడండి. బాగా నిండిన 2025 సీజన్ ఒక్కటే అడగొద్దు. తామర పురుగు వచ్చిన ఏడాది ఎన్ని వచ్చాయో తప్పకుండా అడగండి. ఒకే సీజన్ గురించి ఇద్దరు చెప్పిన మాట దగ్గరగా ఉంటే రాసుకోండి. దూరంగా ఉంటే మూడో మనిషి కావాలి.

యార్డులో తిరిగే "పాత సరుకు ఇంత ఉంది" అనే మాటల దగ్గర జాగ్రత్త. కొనేవాళ్ల నోట నిల్వ ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. సరుకు పట్టుకుని కూర్చున్నవాళ్ల నోట ఎప్పుడూ తక్కువే. ఇద్దరూ అబద్ధాలకోర్లని కాదు. తమకు పనికొచ్చే మాట మనిషికి త్వరగా నమ్మకం కుదురుతుంది.

మీ ఏసీలో పెట్టిన సరుకు మీద మీరు రైతుకు అప్పు కూడా ఇస్తారు కదా. ఆ కాలమ్ మీ రిపోర్టులో వడ్డీ ఆదాయంగానే కనిపిస్తుంది. రేటు అప్పు కంటే కిందికి పడిపోతే రైతు సరుకు విడిపించుకోవడానికి రాడు. అప్పుడు మీ చేతిలో మిగిలేది రంగు తగ్గుతున్న మిర్చి. ఇచ్చే అప్పును ఆ రోజు రేటు మీద కాకుండా గత పదేళ్లలో పడిపోయిన ఏళ్ల రేటు మీద లెక్క వేసుకోండి.

ఇవన్నీ చేశాక రిపోర్టును మీరే మళ్లీ కట్టండి. వరసగా రెండు సీజన్లు 40 శాతమే నిండితే కిస్తీ, కరెంటు బిల్లు ఎక్కడి నుంచి కడతారో ఒక పేజీ రాయండి. కరెంటుకు సగం నిండిందా పూర్తిగా నిండిందా అన్నది పెద్దగా పట్టదు, చల్లదనం ఉంచాల్సిందే. ఆ పేజీకి జవాబు దొరక్కపోతే అన్ని ఛాంబర్లూ ఒకేసారి కట్టకండి. పునాది మొత్తానికి వేసుకుని, సగం ఛాంబర్లతో మొదలుపెట్టండి. ఆ పేజీని మీ మామగారికి చూపించండి. ఆయన భయం ఎక్కడ ఉందో అప్పుడు ఆయనే వేలు పెట్టి చెబుతారు.

ప్రశ్న: సూర్యాపేటలో బేకరీ పెట్టాలనుకుంటున్నానండీ. మా అన్నయ్య డల్లాస్‌లో ఉంటాడు. చాట్‌జీపీటీతో బిజినెస్ ప్లాన్ తయారు చేసి పంపాడు. తెలంగాణ తలసరి ఆదాయం 3 లక్షల పైన కాబట్టి నలుగురున్న ఇంటికి 12 లక్షలు, అందులో బేకరీకి 2 శాతం అని వేశాడు. బేకరీ మార్కెట్ ఏటా ఎంత శాతం పెరుగుతుందో కూడా ఉంది. చూడ్డానికి చాలా బాగుంది. కానీ చదువుతుంటే మా ఊరు లాగా అనిపించడం లేదు.
— ఒక పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: మీకు అనిపించింది సరైనదేనమ్మా. తలసరి ఆదాయం అంటే ఒక్కొక్కరి చేతికి వచ్చే డబ్బు కాదు. రాష్ట్రంలో జరిగిన ఉత్పత్తి విలువలో అరుగుదల తీసేసి జనాభాతో భాగించింది. హైదరాబాద్, రంగారెడ్డి వైపు కంపెనీల లాభాలు కూడా అందులో ఉంటాయి. సూర్యాపేటలో మీ కొట్టు ముందు నడిచే మనిషికి దాంతో సంబంధం చాలా తక్కువ.

మీకు దగ్గరగా వచ్చే లెక్క గృహ వినియోగ ఖర్చు సర్వే. 2011-12 తర్వాత మళ్లీ 2022-23కి గానీ దాని ఫలితాలు బయటికి రాలేదు. అందులో తెలంగాణ పల్లెల్లో మనిషికి నెల ఖర్చు సగటున 4,802 రూపాయలు, పట్టణాల్లో 8,158. పట్టణాల సగటులో హైదరాబాద్ బరువు ఎక్కువ కాబట్టి సూర్యాపేట ఈ రెండిటికీ మధ్య ఎక్కడో ఉంటుందని నేను అనుకుంటాను. దేశం మొత్తం మీద పట్టణాల ఖర్చులో 10 శాతం పైచిలుకు పానీయాలకు, తినుబండారాలకు, ప్యాకెట్ సరుకుకు పోతోంది. అందులోనే టీ కొట్టు, టిఫిన్ సెంటర్, చిప్స్, బిస్కెట్లు, కూల్‌డ్రింకులు అన్నీ ఉన్నాయి. అందరూ పంచుకోగా మిగిలిందే బేకరీకి. మీ అన్నయ్య ప్లాన్‌లో ఇంటికి నెలకు 2,000 రూపాయలు మీ కొట్టు లాంటివాటికే వస్తాయి. ఈ సర్వే పక్కన పెడితే అది ఎంత దూరంలో ఉందో మీకే తెలుస్తుంది.

జనాభా కూడా చూడండి. ప్లాన్‌లో ఉన్నది 2011 జనగణన అయి ఉంటుంది. 2021లో జరగాల్సింది జరగలేదు. తర్వాతి జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. మధ్యలో 2016 అక్టోబర్‌లో సూర్యాపేట జిల్లా కేంద్రం అయింది. కలెక్టరేట్ వచ్చింది, ఉద్యోగులు వచ్చారు, ఊరు పెరిగింది. 2011 అంకెకు ఇవేవీ తెలియవు.

ఏటా పెరిగే శాతం ఎక్కడిదో మీ అన్నయ్యను అడగండి. ఏఐ ఇచ్చిన అంకెకు మూలం ఏ సంస్థ లెక్క, ఏ ఏడాది, దేశానిదా రాష్ట్రానిదా అని అడిగి, ఆ మూలాన్ని తెరిచి చూడమనండి. తెరిస్తే అంకె అక్కడ లేకపోవచ్చు. ఉన్నా, పెద్ద బిస్కెట్ కంపెనీలతో కలిపి దేశం మొత్తానికి వేసింది కావచ్చు. మూలం దొరకని అంకెను ఎర్ర పెన్నుతో కొట్టేయండి. అన్నయ్య ప్రేమతో పంపాడు, ఆయన మీద అలగాల్సిన పని లేదు.

మీ ఊరి లెక్క మీ ఊళ్లోనే ఉంది. బేకరీలకు మైదా వేసే హోల్‌సేల్ కొట్టు ఏదో కనుక్కోండి. మీరు పెట్టాలనుకున్న వీధిలో ఉన్న బేకరీలు నెలకు ఎన్ని బస్తాలు తీసుకుంటున్నాయో తెలిస్తే, ఒక బస్తాకు ఎంత సరుకు వస్తుందో ఏ మాస్టర్‌ని అడిగినా చెబుతాడు. అమ్మకం అక్కడే తేలిపోతుంది. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఎదురుగా నిలబడి బిల్లులు లెక్కపెట్టండి. ఆదివారం ఒక్కటే లెక్కపెడితే మోసపోతారు, మంగళవారం కూడా వెళ్లండి. శ్రావణ మాసంలో కేకులు తగ్గుతాయి, డిసెంబర్ ఆఖరి వారంలో ఎగబడతారు. ఒక నెల చూసి పన్నెండుతో గుణించకండి.

ప్రశ్న: ఆదోనిలో విత్తనాలు, పురుగుమందుల షాపు ఉంది. వాతావరణ శాఖ "సాధారణ వర్షపాతం" అన్న ఏడాది ధైర్యంగా స్టాక్ వేశాను. 2023లో ఆగస్టు మొత్తం ఎండింది, మందులు మిగిలిపోయాయి. ఇక ఆ అంచనాను నమ్మాలా వద్దా?
— ఒక వ్యాపారి, కర్నూలు జిల్లా

జవాబు: నమ్మండి, కానీ అది ఏం చెబుతోందో అంతవరకే నమ్మండి. ఏప్రిల్‌లో ఒకసారి, మే ఆఖరులో మరోసారి వాతావరణ శాఖ చెప్పేది జూన్ నుంచి సెప్టెంబర్ దాకా దేశం మొత్తానికి పడే వాన. దీర్ఘకాల సగటు సుమారు 87 సెంటీమీటర్లు. అందులో 96 నుంచి 104 శాతం మధ్య పడితే "సాధారణం". 2023లో 96 శాతం అన్నారు. కొన్ని శాతం అటూ ఇటూ కావచ్చని కూడా చెప్పారు. పడింది 94. అంచనాగా చూస్తే అది తప్పిన ఏడాది కాదు. కానీ ఆగస్టులో దేశమంతటా 36 శాతం లోటు. 1901 నుంచి అంత ఎండిన ఆగస్టు లేదు. నాలుగు నెలల మొత్తం దాదాపు సరిపోయింది, మీకు కావాల్సిన నెల పోయింది. మీ జిల్లాలోనూ ఆ ఖరీఫ్‌లో కరువు మండలాలు ప్రకటించారు.

పూర్తిగా తప్పిన ఏళ్లూ ఉన్నాయి. 2002లో 101 శాతం అన్నారు, 81 పడింది. 2009 జూన్‌లో 93కి తగ్గించి చెప్పారు, 78 పడింది. పద్ధతులు అప్పటికంటే చాలా మెరుగయ్యాయి. 2024లో 106 అంటే 108 దాకా పడింది, 2025లోనూ అంతే. అయినా ఆ అంకె ఆదోని మండలానికి వేసింది కాదు.

మీరు చేయాల్సిన పని ఇది. జీఎస్టీ వచ్చిన 2017 జులై నుంచి మీ బిల్లులన్నీ కంప్యూటర్‌లో ఉండాలి. నెలవారీగా ఏ మందు ఎంత పోయిందో తీయండి. పక్కన మీ చుట్టూ ఉన్న మండలాల్లో నెలవారీ వాన వేయండి. మండలాల్లో ఆటోమేటిక్ కేంద్రాలు ఉన్నాయి కాబట్టి ఆ లెక్క దొరుకుతుంది. ఏ నెల వాన తగ్గితే మీ అమ్మకం ఎంత పడుతుందో అప్పుడు కళ్లకు కడుతుంది. జూన్ వాన సంగతి తెలియకముందే ఆగస్టు మందుకు డబ్బు కట్టకండి. ఆర్డర్‌ను రెండు విడతలు చేసుకోండి. రెండో విడతకు రేటు కొంచెం ఎక్కువైనా, గడువు దాటిన మందు కంటే అది చవక. మిగిలిన సరుకు వెనక్కి తీసుకునే షరతు కంపెనీ ప్రతినిధి నోటి మాటగా కాకుండా కాగితం మీద రాయించుకోండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక వాటర్ ప్యూరిఫయర్ల కంపెనీలో ఏరియా సేల్స్ చూస్తాను. పైనుంచి టార్గెట్ వస్తుంది. దాన్నే ఫోర్‌కాస్ట్ అని ఫ్యాక్టరీకి పంపమంటారు. మార్చి ఆఖరుకి డీలర్ల గోదాములు నింపుతాం, ఏప్రిల్‌లో ఆర్డర్లు ఉండవు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
— పేరు వద్దన్నారు

జవాబు: టార్గెట్ అంటే కంపెనీకి కావాల్సింది. ఫోర్‌కాస్ట్ అంటే మీకు కనిపిస్తున్నది. రెండూ ఒకే గడిలో పెట్టిన చోట ఫ్యాక్టరీకి నిజం చేరే దారి మూసుకుపోతుంది. మీ ఒక్కరి వల్ల ఆ పద్ధతి మారకపోవచ్చు. మీ చేతిలో ఉన్నది చెబుతాను. కంపెనీ నుంచి డీలర్‌కు వెళ్లేది ప్రైమరీ, డీలర్ నుంచి ఇంటికి వెళ్లేది సెకండరీ. మీ దగ్గర సెకండరీ లెక్క ప్రతి వారం రాసుకోండి. ఇన్‌స్టలేషన్ కాల్స్ ఎన్ని వచ్చాయో సర్వీస్ వాళ్ల దగ్గర దొరుకుతుంది, దాన్ని ఎవరూ ఉబ్బించలేరు. మీ నాయకత్వానికి పంపే మెయిల్‌లో టార్గెట్ ఒక వరుస, మీ అంచనా ఒక వరుస వేసి తేదీతో పంపండి. ఆరు నెలల తర్వాత ఏ వరుస అసలు అమ్మకానికి దగ్గరగా ఉందో మెయిలే చూపిస్తుంది. గొడవ పడాల్సిన అవసరం రాదు.

ప్రశ్న: భీమవరం దగ్గర రొయ్యల చెరువులు లీజుకు చేస్తున్నాను. వాట్సాప్ గ్రూపుల్లో "వచ్చే నెల వంద కౌంట్ (కిలోకు వంద తూగే రొయ్య) ఇంత పలుకుతుంది" అని రోజూ వస్తుంది. అది చూసి సీడ్ (రొయ్య పిల్లలు) వేయొచ్చా?
— ఒక రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: 2025ని ఒకసారి గుర్తు చేసుకోండి. ఏప్రిల్ 2న అమెరికా మన సరుకు మీద అదనపు సుంకం ప్రకటించింది. కొనేవాళ్లు వెంటనే రేటు తగ్గించేశారు. వారం తిరిగేసరికి దాన్ని ఆపి 10 శాతమే అన్నారు. ఆగస్టు 7న 25 శాతం, ఆగస్టు 27 నుంచి 50 శాతం. ఏప్రిల్ ఆఖరులో సీడ్ వేసిన రైతు పట్టుబడికి వచ్చేసరికి ఆట నియమమే మారిపోయింది. మన రొయ్యకు అతి పెద్ద కొనుగోలుదారు అమెరికా. అక్కడ ఒక మనిషి తీసుకోబోయే నిర్ణయం భీమవరం గ్రూపులో మెసేజ్ పెట్టేవారికి ముందే ఎలా తెలుస్తుంది? ఇవాళ్టి రేటు కోసం గ్రూపు చూడండి. రొయ్యలు కొనే నాలుగు ప్రాసెసింగ్ ప్లాంట్ల రేట్లు పోల్చుకోవడానికి అది మంచి సాధనమే. వచ్చే నెల రేటు కోసం చూడకండి.

మీ చేతిలో ఉన్న లెక్కలు గట్టివి: కిలో రొయ్యకు మేత ఎంత పడింది, కరెంటు ఎంత, లీజు ఎంత. వాటితో మీకు కిలో ఎంతకు పడుతుందో కట్టి, గత ఐదేళ్లలో వంద కౌంట్ పడిన అట్టడుగు రేటు పక్కన పెట్టండి. ఆ రేటుకు నష్టం వస్తే ఎంత వస్తుంది, దాన్ని ఇల్లు తాకట్టు పెట్టకుండా భరించగలరా? భరించగలిగితే వేయండి. లేకపోతే అన్ని చెరువులూ ఒకేసారి వేయకుండా నెల తేడాతో వేయండి, సీడ్ పలచగా వేసి రొయ్యను పెద్ద సైజుకు పెంచే వీలుందా చూడండి. లీజు మొత్తం ముందే కట్టేసే ఒప్పందం అయితే, సగం పట్టుబడి తర్వాత కట్టేలా చెరువు యజమానితో ఇప్పుడే మాట్లాడండి. రేట్లు బాగున్నప్పుడు అడిగితేనే ఆ మాట ఒప్పుకుంటారు.